తార్నాకలో అడిగి పని చేయించే షాపు

తార్నాక చూడటానికి ఎవరూ వెళ్లరు. హైదరాబాద్ వెళ్లొచ్చానంటే మా వీధిలో వాళ్లు చార్మినార్ చూశావా, బిర్యానీ తిన్నావా, ముత్యాలు కొన్నావా అని అడుగుతున్నారు. మూడింటికీ లేదనే చెబుతున్నాను. రెండు రోజుల పని మీద వెళ్లి ఐదు రోజులు ఉండిపోయి, అందులో సగం ఒక బైండింగ్ షాపులో స్టూలు మీద కూర్చుని వచ్చాను. "దానికి అంత దూరం వెళ్లాలా? మన ప్రెస్సులో స్టూళ్లు లేవా?" అని మా ఆయన ఎగతాళి చేశారు. ఆయనకి నోటితో చెప్పింది సగమే. మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను.

ముందు నా సంగతి. కాకినాడలో మా నాన్నగారు పెట్టిన ప్రింటింగ్ ప్రెస్సు నేను నడుపుతాను. తొమ్మిదిమంది పనిచేస్తారు. నాకు నోరు కొంచెం ఎక్కువ, ఓపిక కొంచెం తక్కువ. ఊరందరికీ తెలిసిన విషయం కాబట్టి దాచడం దండగ. ఆ తొమ్మిదిమందిలో సత్యవతి పద్నాలుగేళ్లుగా బైండింగు చూస్తోంది. కుట్టు, అట్ట, కటింగు, పెళ్లిపత్రికలకి దారాలు కట్టడం, ఏది చెప్పినా కాదనదు. అలాంటి మనిషి జ్యేష్ఠం చివర ఒకరోజు నా బల్ల ముందు నిలబడి, "ఆషాఢం అయ్యేదాకా వస్తానండి. తర్వాత ఇంక రానండి" అంది.

జీతం పెంచుతానన్నాను. "జీతం కాదండి" అంది. ఎవరైనా ఏమైనా అన్నారా? "లేదండి." ఇంకో చోట చేరుతున్నావా? "లేదండి." అంతకు మించి ఒక్క ముక్క రాలేదు. నాకు మూడు రోజులు అన్నం సయించలేదు. కోపం వచ్చింది, భయం కూడా వేసింది. ఏడాదిలో ఇద్దరు అప్పటికే ఇలాగే వెళ్లిపోయారు. వాళ్లు పోతే పోనీ అనుకున్నాను. సత్యవతి లేని ప్రెస్సు మాత్రం నాకు ఊహకే అందలేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే హైదరాబాదులో ఒక విశ్వవిద్యాలయం క్యాంపస్‌లో చిన్న వ్యాపారాలు నడిపేవాళ్లకి రెండు రోజుల శిక్షణ ఉందని తెలిసింది. పేరు 'ముందు మన ఉద్యోగులు'. ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు కనుక ప్రెస్సుకి కాస్త తెరిపి. సత్యవతిని ఆపే ఉపాయమేదైనా అక్కడ దొరుకుతుందేమోనని బయలుదేరాను.

సికింద్రాబాద్‌లో పాకం

ఊరికే వెళ్లకూడదని మా పిన్ని కూతురు శారద కోసం రెండు కిలోల గొట్టం కాజాలు కొన్నాను. రైల్లో పై బెర్తు పెద్దమనిషి తన సూట్‌కేసు తెచ్చి నా సంచి మీద పెట్టాడు. పొద్దున్న సికింద్రాబాద్‌లో దిగి చూసుకుంటే సంచి నిండా పాకం. శిక్షణకి రమ్మని వాళ్లు పంపిన కాగితం, నా కళ్లజోడు పెట్టె, పట్టుచీర అంచు, అన్నీ ఒకటిగా అంటుకుపోయి ఉన్నాయి.

స్టేషన్ బయట ఆటో అతను "ఏడికి పోవాలె అమ్మా?" అన్నాడు. లాలాపేట అన్నాను. మూడొందలన్నాడు. "మూడొందలా! కాకినాడ నుంచి ఇంత దూరం రైలుకే అంత పెట్టలేదు నేను" అన్నాను. "గట్లయితే రైల్లనే పో అమ్మా" అన్నాడు, నవ్వు కూడా లేకుండా. నాకు నవ్వాగలేదు. మా వైపు ఆటోవాళ్లు ఇంత మర్యాదగా తిట్టలేరు. చివరికి రెండొందలకి ఎక్కించుకుని, మెట్టుగూడ దాటేదాకా వర్షం గురించి, వాళ్ల బస్తీలో బోనాల ఏర్పాట్ల గురించి చెప్పుకుంటూ వచ్చాడు. దిగేటప్పుడు పాకం కారుతున్న పొట్లంలోంచి రెండు కాజాలు చేతిలో పెట్టాను. "మా పిల్లలకు తీస్కపోత" అని అద్దం దగ్గర భద్రంగా పెట్టుకున్నాడు.

లాలాపేట

శారద బ్యాంకులో పనిచేస్తుంది. లాలాపేటలో ఇల్లు కొనుక్కుని ఇరవై ఏళ్లయింది. కాకినాడ పిల్లే అయినా ఇప్పుడు సర్వపిండి గిన్నెకి తట్టడంలో ఆరితేరింది. బియ్యప్పిండిలో నువ్వులు, పల్లీలు, ఉల్లికాడలు కలిపి గిన్నె లోపలే అద్ది కాలుస్తారు. మొదటి రోజు పొద్దున్నే అది పెట్టింది. నేను నాలుగు తిన్నాను.

మా వైపు ఆషాఢమంటే కొత్త కోడళ్లు పుట్టింటికి పోయే నెల, ప్రెస్సులు ఖాళీగా ఉండే నెల. ఇక్కడ అదే ఆషాఢం వీధి వీధికీ వేపమండలు, పసుపు, డప్పులు. శూన్యమాసమని మేము ముడుచుకు కూర్చునే రోజుల్లో వీళ్లు అమ్మవారికి నెత్తిన అన్నం మోసుకెళ్తారు. నేను కిటికీలోంచి చూస్తూ నిలబడితే శారద, "రాజ్యక్కా, నీ క్లాసుకి టైమైంది. అక్కడ నోరు కాస్త అదుపులో పెట్టుకో" అని హెచ్చరించి పంపింది.

క్యాంపస్

క్యాంపస్ లోపల ఊరు మరిచిపోయేన్ని చెట్లున్నాయి. వాన పడి వెలిసిన పొద్దున నెమలి కూత వినపడింది. నడుచుకుంటూ పోతుంటే రోడ్డు పక్క అరుగుల మీద ఉద్యోగ పరీక్షలకి చదివే పిల్లలు, ఒక్కొక్కరి పక్కన ఒక నీళ్ల సీసా, ఇంత లావు పుస్తకం. ఆ పుస్తకాల కుట్లు ఊడిపోయి ఉన్నాయి. నా చెయ్యి ఊరుకోలేదు. ఒకమ్మాయిని ఆపి, ఇది ఎవరు బైండ్ చేశారమ్మా అని అడిగాను. "చెయ్యలేదు ఆంటీ, గమ్ పెట్టిర్రు" అంది. కొంచెం బాధేసింది.

పాకం కాగితం చూపిస్తే నమోదు బల్ల దగ్గర అతను దాన్ని రెండు వేళ్లతో పట్టుకుని, "మేడం, ఇది స్వీటా, లెటరా?" అన్నాడు. లోపల నలభైమంది ఉన్నాం. బేకరీవాళ్లు, టైలరింగు వాళ్లు, ట్రావెల్స్ నడిపేవాళ్లు. మొదటి రోజంతా తెర మీద ఇంగ్లిషు బొమ్మలు, బాణాలు. ఉద్యోగి సంతోషం, కస్టమర్ సంతోషం, లాభం. బాణాలు ఎటు నుంచి ఎటు పోతున్నాయో నాకు అర్థమయ్యేసరికి టీ టైమయ్యింది.

రెండో రోజు వచ్చిన అధ్యాపకురాలి పేరు నీరజ. ముప్పై ఐదేళ్లుంటాయి. ఆవిడ తెర ఆపేసి, తలా ఒక తెల్లకాగితం ఇచ్చింది. "మీ దగ్గర పనిచేసేవాళ్ల పేర్లు రాయండి. ఒక్కొక్కరి పక్కన వాళ్లకి ఇష్టంలేని పని ఒకటి రాయండి" అంది. నేను ఎనిమిదిమందికి టకటకా రాశాను. మెషిన్ మ్యాన్‌కి సిరా కడగడం ఇష్టం ఉండదు, ప్రూఫులు చూసే పిల్లకి ఫోను ఎత్తడం ఇష్టం ఉండదు. సత్యవతి దగ్గర ఆగిపోయాను. చివరికి 'ఏమీ లేదు, బంగారం' అని రాశాను.

నీరజ నా వెనక నిలబడి చదివింది. "ఈమె ఎప్పుడైనా మీకు నో చెప్పారా?"

"పద్నాలుగేళ్లలో ఒక్కసారి కూడా లేదండి" అన్నాను గర్వంగా.

"మీరు ఎప్పుడైనా అడిగారా?"

"ఏమని?"

ఆవిడ నవ్వి ఊరుకుంది. నాకు ఆ నవ్వు నచ్చలేదు. క్లాసు అయ్యాక పట్టుకుని, ఆ మనిషి మానేస్తానంటోంది, ఎలా ఆపాలో చెప్పండి, దానికోసమే వచ్చాను అన్నాను. ఆవిడ, "నేను చెప్తే మీరు నాతో వాదిస్తారు మేడం. తార్నాకలో ఒక బైండింగ్ షాపుంది, నా థీసిస్ వాళ్లే చేశారు. రేపు వెళ్లి ఊరికే కూర్చోండి" అంది. ఊరికే కూర్చోవడం నా వల్ల కాని పని అని ఆవిడకి తెలియదు.

యాదగిరి షాపు

తార్నాక కూడలి నుంచి లాలాపేట వైపు పోయే దారిలో ఓ సందు మొదట్లో ఉంది ఆ షాపు. ముందు ఒక కౌంటరు, వెనక ఒక గది. గది నిండా మెరూన్ రంగు రెక్సిన్ అట్టలు, వాటి మీద బంగారు అక్షరాలు. మైదా జిగురు వాసనకి నాకు ప్రాణం లేచివచ్చింది.

కౌంటరులో అరవై దాటిన మనిషి. పేరు యాదగిరి. నన్ను చూసి, "పిహెచ్‌డీనా అమ్మా? ఈ వయసుల మస్తు ధైర్యం" అన్నాడు. నేను ఫలానా, నీరజగారు పంపారు అని చెప్పాను. "అట్లనా! కూసో అమ్మా, చాయ్ తాగుతవా?" అని స్టూలు జరిపాడు. ఇరవై రూపాయల చాయ్‌లో చక్కెర మా వైపు పాయసమంత ఉంది. ఇక్కడ వయసుతో పని లేకుండా అందరినీ నువ్వు అంటారు. మొదట్లో నాకు చెంప మీద కొట్టినట్టే అనిపించింది. సాయంత్రానికి అలవాటైపోయింది. రెండో రోజు అండీ అన్నవాళ్లే పరాయివాళ్లలా తోచారు.

పదింటికి హెల్మెట్ చేత్తో పట్టుకుని ఒక కుర్రాడు పరుగున వచ్చాడు. "అంకుల్, నాలుగు కాపీలు. రేపు పొద్దుగాల కావాలె, మస్తు అర్జెంట్."

"నన్నడుగుతే ఏమొస్తది? కుట్టేది నేనా?" అన్నాడు యాదగిరి. "లోపల స్వరూప ఉన్నది, పోయి అడుగు."

అతను వెనక గది గుమ్మం దగ్గర నిలబడి, "స్వరూపక్కా, రేపు పదింటికల్లా అయితదా?" అన్నాడు. స్వరూపకి నలభై ఏళ్లుంటాయి. చేతిలో సూది, చెవిలో ఇయర్‌ఫోను. కాగితాల మందం బొటనవేలితో చూసింది. "ఇయ్యాల కాదు. రేపు రెండింటికి ఇస్త." అతను వెనక్కి వచ్చి యాదగిరిని బతిమాలాడు. "అంకుల్, నువ్వన్నా చెప్పు."

"ఒకపారి అడిగినవు, ఆమె చెప్పింది. రెండోపారి నేను అడగను. రెండోపారి అడిగితే అది అడుగుడు కాదు బిడ్డా, ఒత్తుడు."

కుర్రాడు రెండింటికే ఒప్పుకుని వెళ్లాడు. నాకు మాత్రం ఒళ్లు మండింది. షాపు తనది, పేరు తనది, వచ్చిన గిరాకీని పనిచేసే మనిషి దగ్గరికి పంపి ఆమె సరేనంటేనే తీసుకోవడం ఏమిటి? ఉండబట్టలేక అడిగేశాను. "ఇలా అయితే బేరాలు పోవూ?"

"పోతయ్. పోయేటోళ్లు పోతరు" అన్నాడు తాపీగా. "ఇంతకుముందు నేనూ నీ లెక్కనే ఉంటి అమ్మా. ఎవలొచ్చినా అయితది, రా అనేది. ఒక ఎండకాలం నలుగురు కూలోళ్లు ఒక్కసారే మానేసిండ్రు. పైసలు పెంచుతనన్న, రాలే. ఇంటికి పోయి అడిగిన. ఒకాయన చెప్పిండు. 'సేట్, నా పొద్దు నువ్వు అమ్ముకుంటున్నవ్' అన్నడు. నేను అమ్మేది బైండింగ్ అనుకున్న. ఆయన ఇంటికాడ ఉండే పొద్దు అమ్మిన."

ఆ మాట కాదనలేకపోయాను. కానీ ఒప్పుకోనూ లేదు. ఆ రోజంతా అర్జెంటంటూ వచ్చినవాళ్లని లోపలికి పంపడం చూస్తూ కూర్చున్నాను. విచిత్రమేమిటంటే ఎక్కువమందికి స్వరూప సరేనంది. ఒకతనికి కాగితాలు చూడకుండానే "పట్టుకరా" అంది. వాళ్లమ్మ ఆసుపత్రిలో ఉందట, అతనే గుమ్మంలో నిలబడి చెప్పుకున్నాడు. అదే మా ప్రెస్సులో అయితే అతను నాకు చెప్పేవాడు, నేను సత్యవతికి టైము మాత్రం చెప్పేదాన్ని.

ఒంటిగంటకి షట్టరు సగం దించేశారు. యాదగిరి, స్వరూప, అక్షరాలు అచ్చొత్తే ఆయన, కటింగ్ మిషన్ ఆయన, నేను, కింద గుండ్రంగా కూర్చున్నాం. జొన్నరొట్టె, పచ్చిపులుసు, ఒక గిన్నెలో ఎర్రగా కూర. "పుంటికూర తింటవా అక్కా?" అంది స్వరూప. నోట్లో పెట్టుకుంటే గోంగూర. "ఇది గోంగూరే కదూ!" అన్నాను. "మీ దిక్కు గోంగూర, మా దిక్కు పుంటికూర. కడుపులకు పోయినంక దానికి పేరుంటదా?" అంది. అందరూ నవ్వారు. శారద కట్టిచ్చిన పులిహోర డబ్బా రెండు నిమిషాల్లో ఖాళీ అయింది. బయట ఎవరో షట్టరు కొట్టారు. ఎవరూ లేవలేదు. లేవబోయింది నేనొక్కదాన్నే.

నేను చేసిన నిర్వాకం

మర్నాడు తిరిగి వెళ్లిపోవాలి. వెళ్లలేదు. టిక్కెట్టు మార్చమంటే శారద, "ఏమిటక్కా, ఆ షాపులో చేరిపోతావా?" అని నవ్వి మార్చిపెట్టింది.

పదకొండింటికి యాదగిరి అట్టలు తేవడానికి గోల్నాక బయలుదేరాడు. "జర కౌంటర్ చూస్తుండమ్మా" అని నాకు అప్పజెప్పాడు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ కౌంటరులో కూర్చున్న మనిషిని, నాకు హాయిగా అనిపించింది. పావుగంటకి ఒక అమ్మాయి వచ్చింది. ఖమ్మం వైపు పిల్ల. ఐదు కాపీలు. ఇవ్వడానికి రేపు పొద్దున్నే ఆఖరు గడువు, సంతకాలు ఇప్పుడే అయ్యాయి. చెప్తూ చెప్తూ కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆడపిల్ల ఏడిస్తే నేను తట్టుకోలేను. "ఊరుకోమ్మా, దీనికే ఏడుస్తారా? స్వరూప ఉందిగా! సాయంత్రం ఐదింటికి వచ్చి తీసుకెళ్లు" అన్నాను. పుస్తకంలో రాసేశాను. ఆ పిల్ల నా చేతులు పట్టుకుని మరీ వెళ్లింది. నేను కాగితాలు తీసుకెళ్లి స్వరూప ముందు పెట్టి, "ఐదింటికి కావాలి, చేసేద్దాం" అన్నాను.

పొద్దున్నుంచి గలగలా మాట్లాడుతున్న మనిషి నా మొహం వంక ఒక్క క్షణం చూసింది. ఇయర్‌ఫోను తీసి పక్కన పెట్టింది. కాగితాలు దగ్గరికి లాక్కుంది. సూదిలో దారం ఎక్కించింది. ఒక్క మాట లేదు.

ఆ మౌనం నాకు తెలుసు. పద్నాలుగేళ్లుగా రోజూ చూస్తున్నదే. దాన్నే నేను నెమ్మదితనం అనుకున్నాను, మంచితనం అనుకున్నాను, బంగారం అని కాగితం మీద రాశాను.

నిలబడ్డ చోటే నాకు కిందటి మాఘమాసం గుర్తొచ్చింది. సాయంత్రం సత్యవతి పట్టుచీర కట్టుకుని, తలలో పూలు పెట్టుకుని, ఒక గంట ముందు వెళ్తానని చెప్పడానికి నా దగ్గరికి వచ్చింది. నేను ఫోనులో ఉన్నాను. అవతల పెళ్లివారు, పత్రికలు పొద్దున్నకల్లా కావాలంటున్నారు. "మీకేం పర్వాలేదండి, మా సత్యవతి ఉందిగా!" అన్నాను. ఆమె ఎదుటే అన్నాను. మెచ్చుకుంటున్నాననే అనుకున్నాను. ఫోను పెట్టేసి, "చీర బాగుందే" అని కూడా అన్నాను. ఆమె గాజులు తీసి బల్ల మీద పెట్టి, పనిలో కూర్చుంది. తమ్ముడి గృహప్రవేశమని మర్నాడు వేరేవాళ్లు చెబితే తెలిసింది. అప్పుడైనా నేను ఆమెను ఒక్క మాట అడగలేదు. మరిచిపోయాను.

తార్నాకలో ఆ గదిలో నాకు సిగ్గేసింది. "స్వరూపా, నేను నిన్ను అడగలేదు" అన్నాను. "ఇవాళ నీకేమైనా పనుందా?"

అడిగాక చెప్పింది. మూడింటికి స్కూటీ లైసెన్సు టెస్టుకు స్లాట్ ఉంది. రెండు నెలలుగా పొద్దున్నే బౌద్ధనగర్ సందుల్లో నేర్చుకుంటోంది. రోజూ షాపుకి ఆటోలో రావడం విసుగు పుట్టి, వాళ్లాయనతో పందెం వేసి మరీ నేర్చుకుంటోంది.

"మరి చెప్పవేం, పిచ్చిదానా?"

"ఎట్ల చెప్పాలె అక్కా? నువ్వు పెద్దదానివి, మా షాపుకొచ్చిన మెహమాన్‌వి. నువ్వు అడగకపోతే చేస్తుంటి, గంతే." సూది గుచ్చుతూనే అంది. "ఒక్కరోజు అయితే ఏం కాదు. రోజూ అయితేనే. మనిషి బయటికి పోవుడుకంటె మస్తు ముందే లోపల్లోంచి పోతది."

తలకిందుల పుస్తకం

ఒంటిగంట దాటాక యాదగిరి వచ్చాడు. పుస్తకంలో నా చేతిరాత చూశాడు. "గిది ఎవలు తీస్కున్నరు?" నేనే అన్నాను. ఇంకేమీ దాచకుండా జరిగింది చెప్పాను. నాలుగు చివాట్లు పెడతాడని సిద్ధపడ్డాను. ఆయన తల గీక్కుని, ఆ అమ్మాయికి ఫోను చేశాడు. "బిడ్డా, స్వరూపకు పనున్నది. నేనూ, ఇంకో పెద్దమ్మా కుడతం. నాకు కండ్లు సరిగ కనపడవు, ఆమె చెయ్యి నేను చూడలే. ఒప్పుకుంటవా?" ఆ పిల్ల ఒప్పుకుంది. వేరే దారి లేదు పాపం.

స్వరూప రెండింటికి చెప్పులేసుకుని వెళ్లిపోయింది. మేమిద్దరం కింద కూర్చున్నాం. చిన్నప్పుడు మా నాన్నగారి దగ్గర నేర్చుకున్న కుట్టు నాకు చేతుల్లో ఉంది గానీ, ఇరవై ఏళ్లుగా నేను సూది పట్టలేదు. మోకాళ్లు పట్టేశాయి. వేలికి రెండుసార్లు గుచ్చుకుంది. మూడో కాపీకి నడుము లేవనన్నది. సత్యవతి రోజుకి ఎన్ని కుడుతుందో నాకు కచ్చితంగా తెలుసు. కుడితే నడుము ఎలా ఉంటుందో ఆ సాయంత్రమే తెలిసింది.

యాదగిరి నా అవస్థ చూసి నవ్వుతూ, "నీ దగ్గర పనిచేసే ఆమె పేరేందమ్మా?" అన్నాడు. సత్యవతి అని చెప్పాను. మానేస్తానందని, మాఘమాసం సంగతి, పట్టుచీర సంగతి, అన్నీ చెప్పాను. పరాయి ఊళ్లో, ముక్కూ మొహం తెలియని మనిషి ముందు నా తప్పు చెప్పుకోవడం ఎంత తేలికైందో! ఆయన దారం కొరికి, "పోయి అడుగు. గని ఉండాలని అడగకు. ఆమె ఏమంటదో ఇనాలని అడుగు" అన్నాడు. ఆ మాటకి ఆయనకి చేతులెత్తి దండం పెట్టాలనిపించింది. చేతుల నిండా జిగురు ఉంది.

ఐదుంపావుకి ఆ అమ్మాయి వచ్చింది. ఐదు పుస్తకాలు గర్వంగా చేతిలో పెట్టాను. నాలుగు బాగానే ఉన్నాయి. ఐదోది తెరిచింది, ఆగింది, పుస్తకాన్ని తిప్పింది, మళ్లీ తిప్పింది. అట్ట తలకిందులుగా అతికించాను! బంగారు అక్షరాలు ఒకవైపు, లోపలి పేజీలు ఇంకోవైపు. ముప్పై ఏళ్లుగా ప్రెస్సు నడుపుతున్న మహాతల్లి చేసిన పని అది. ఆ పిల్ల ఒక్కసారిగా పకపకా నవ్వింది. "గిది మా గైడ్ సార్‌కి ఇస్త పెద్దమ్మా. ఆయన ఎట్లయినా తెర్వడు." యాదగిరి కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు. అయినా నేను ఊరుకోలేదు. ఊడదీసి మళ్లీ సరిగ్గా అతికించి, ఆరేదాకా కూర్చోబెట్టి, మిరపకాయ బజ్జీలు తెప్పించి పంపాను.

మర్నాడు పొద్దున్న సెలవు తీసుకోవడానికి వెళితే స్వరూప ఫక్కున నవ్వింది. "ఫెయిల్ అక్కా! బండి ఎనిమిది అంకె లెక్క తిప్పుతుంటే కాలు కింద పెట్టిన."

"నా వల్లే కదూ?" అన్నాను.

"నీ వల్ల గాదు. బండి వల్ల. మళ్ల పోత." ఒక మెరూన్ రెక్సిన్ ముక్కలో పుంటికూర పచ్చడి సీసా చుట్టి ఇచ్చింది. యాదగిరి సందు చివరి దాకా వచ్చి ఆటో మాట్లాడాడు. ఆ ఇద్దరికీ నేను ఏమిచ్చి వచ్చాను? ఒక రోజు పాడు చేసి వచ్చాను. వాళ్లు నాకు ఇచ్చింది ఎంతో నాకే తెలుసు.

కాకినాడలో

దిగిన రోజు మధ్యాహ్నం అందరూ భోజనాలకి లేచాక సత్యవతిని కూర్చోమన్నాను. ఆమె కూర్చోలేదు, నేనే లేచి నిలబడ్డాను.

"మాఘంలో పట్టుచీర కట్టుకుని వచ్చావు చూడు, ఆ రోజు నేను చేసింది తప్పు. ఆ ఒక్క రోజే కాదు. నిన్ను అడగకుండా పద్నాలుగేళ్లు అందరికీ మాటిచ్చాను. క్షమించు" అన్నాను.

"గుర్తుందాండి మీకు?" అంది ఆశ్చర్యంగా.

"మొన్ననే గుర్తొచ్చింది" అన్నాను. అబద్ధం చెప్పడం ఇష్టం లేకపోయింది. "ఒక మాట అడుగుతాను. ఇష్టం లేకపోతే ఉండనని చెప్పేయ్, కారణం చెప్పక్కర్లేదు. ఉంటావా?"

"ఉండనండి" అంది.

పద్నాలుగేళ్లలో నేను మొదటిసారి నిజంగా అడిగాను, సత్యవతి కాదంది. బతిమాలే మాటలు పది నోటిదాకా వచ్చాయి. నేను బతిమాలడం మొదలుపెడితే ఎవరూ తట్టుకోలేరు, ఉండిపోయేదేమో కూడా. మింగేశాను. "సరే సత్యవతీ" అన్నాను. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. తనే చెప్పింది. "ఇంకెక్కడా చేరనండి. కొన్నాళ్లు సాయంత్రాలు ఇంట్లో ఉంటాను. మా పిల్ల బడి నుంచి వచ్చేసరికి నేనెప్పుడూ లేను."

ఆషాఢం ఇంకా పదిహేను రోజులుంది. ఆ పదిహేను రోజులూ ఎవరు అర్జెంటన్నా, ఉండండి, అడిగి చెబుతాను అన్నాను. మొదటిసారి మెషిన్ మ్యాన్ "ఇవాళ కుదరదండి" అన్నప్పుడు నా లోపల ఎంత ఉడికిపోయిందో దేవుడికే తెలియాలి. రెండోసారి కొంచెం తక్కువ ఉడికింది. ఇప్పటికీ ఉడుకుతుంది. మనిషిని ఉన్నపళంగా మారిపోను కదా. అయినా మిగిలిన ఎనిమిదిమందీ ఇంతకుముందు కంటే ఎక్కువ మాట్లాడుతున్నారు. నాకు అందులో సగం నచ్చవు, కానీ వింటున్నాను.

ఆఖరి రోజు సాయంత్రం ఐదున్నరకి ఒక స్కూలు వాళ్లు రికార్డు పుస్తకాల కోసం వచ్చారు. రేపు రమ్మన్నాను. సత్యవతి చేతులు కడుక్కుని, కొత్తగా చేరిన పిల్లకి సూదుల డబ్బా అప్పజెప్పి, నా దగ్గరికి వచ్చింది. "నీ చేత్తో కుట్టిన పుస్తకాలు ఈ ఊళ్లో ప్రతి ఇంట్లో ఉన్నాయి. నేను ఎప్పుడూ చెప్పలేదు" అన్నాను. ఆమె నవ్వి, "వెళ్లొస్తానండి" అంది.

మెట్లు దిగి రోడ్డు మీదికి నడిచింది. నేను గుమ్మంలో నిలబడి మలుపు తిరిగేదాకా చూశాను. పని లేని రోజుల్లో కూడా ఎవరైనా వస్తారేమో ఉండమని ఎనిమిదింటి దాకా కూర్చోబెట్టేదాన్ని. సత్యవతి ఇంకా పొద్దుండగా, ఎండలో ఇంటికి వెళ్లడం నేను చూసింది ఆ ఒక్క రోజే.